మూలరూపం – మార్పు – చరిత్ర: పాతకార్లలో ఎయిర్ సస్పెన్షన్ అమరికపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాతకాలపు కారుకు లోహపు స్ప్రింగులను తొలగించి గాలిసంచులను అమర్చడం నేడు అనేక దేశాల్లో కనిపించే పని. దీనిని కొందరు చారిత్రక వస్తువును చెడగొట్టడంగా భావిస్తే, మరికొందరు ఆ వస్తువుకు కొత్త జీవితమివ్వడంగా భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాల వెనుక ‘మూలరూపం అంటే ఏది?’ అనే ప్రశ్న ఉన్నది. 1957–58లో అమెరికన్ కంపెనీలు కార్లలో ప్రవేశపెట్టిన గాలి సస్పెన్షన్, కాలిఫోర్నియాలో మెక్సికన్ అమెరికన్లు పెంపొందించిన లోరైడర్ సంస్కృతి, 1990ల తరువాత వ్యాపించిన గాలిసంచుల అమరిక అనే మూడు దశలను పరిశీలించి, మార్పు కూడా చరిత్రకు సాక్ష్యం కాగలదనీ, అయితే అందుకు కొన్ని షరతులున్నాయనీ నిరూపించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం.

కీలకపదాలు: ఎయిర్ సస్పెన్షన్, లోరైడర్, షెవర్లే ఇంపాలా, మూలరూపం, పునరుద్ధరణ, ట్యూరిన్ ఒప్పంద పత్రం, వింటేజ్ వాహనాలు.

1. ప్రవేశిక:

సాంకేతిక వస్తువుల చరిత్రను రాసేటప్పుడు వాటి పుట్టుకకు ఇచ్చినంత ప్రాధాన్యాన్ని వాటి తరువాతి జీవితానికి ఇవ్వడం అరుదు. ఫలానా కారు ఫలానా సంవత్సరంలో తయారైంది, ఇన్ని అమ్ముడుపోయాయి, ఫలానా సంవత్సరంలో తయారీ ఆగిపోయింది అనే వివరాలతో ఆ చరిత్ర ముగిసిపోతుంది. కానీ కర్మాగారం గేటు దాటిన తరువాతే కారు అసలు జీవితం మొదలవుతుంది. యజమానులు మారుతారు. విరిగిన భాగం స్థానంలో మరొకటి వస్తుంది. రంగు మారుతుంది. కొన్నిసార్లు నేల నుంచి కారు ఉండే ఎత్తు కూడా మారుతుంది.

ఎత్తు సామాన్యమైన విషయం కాదు. పల్లకి, అంబారీ, సింహాసనం మొదలైన వాటిలో ఎత్తు అధికారానికి గుర్తు. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇందుకు మనకు దగ్గరలో ఉన్న ఉదాహరణ. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు చేసిన ఆ కారులో వెనుక ఆసనాన్ని సింహాసనంలా తీర్చిదిద్దారు. అందుకే దానికి ‘థ్రోన్ కార్’ అనే పేరు వచ్చింది. పాలకుడి హోదాకు తగినట్టు కారును మలచుకోవడం అక్కడ గౌరవంగా పరిగణన పొందింది. ఇందుకు భిన్నంగా, లాస్ ఏంజిలస్ తూర్పు ప్రాంతంలోని కార్మిక కుటుంబాల యువకులు తమ కార్లను నేలకు దగ్గరగా దించుకొంటే అది నేరమైంది. వాహనాన్ని తన అభిరుచికి తగినట్టు మలచుకొనే హక్కు ఎవరికున్నది అనే ప్రశ్న ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టినప్పుడు స్పష్టమవుతుంది.

2. గాలి స్ప్రింగు – పనితీరు:

చారిత్రక పరిశీలనకు ముందు ఈ యంత్రం పనితీరును తెలుసుకోవడం అవసరం. కారు బరువును చక్రాల మీద మోసేవి స్ప్రింగులు. ఎడ్లబండికి స్ప్రింగులుండవు కాబట్టి ఇరుసుకు తగిలిన ప్రతి కుదుపూ బండిలో కూర్చున్నవారికి తగులుతుంది. గుర్రపు బగ్గీల కాలంలో ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చిన కమానులు, తరువాత చుట్టలు చుట్టిన కాయిల్ స్ప్రింగులు ఈ కుదుపును తగ్గించాయి. అయితే ఉక్కు స్ప్రింగుకు ఒక పరిమితి ఉన్నది. దాని గట్టిదనం తయారైన నాడే నిర్ణయమైపోతుంది. ఖాళీ కారుకు సరిపోయే స్ప్రింగు, ఆరుగురు ఎక్కితే కుంగిపోతుంది. ఆరుగురికి సరిపోయే స్ప్రింగు, ఒక్కరే ప్రయాణిస్తున్నప్పుడు గట్టిగా కొడుతుంది.

గాలి స్ప్రింగు ఈ పరిమితిని దాటుతుంది. రబ్బరు సంచిలో బంధించిన గాలి పీడనాన్ని, అది ఆనుకొనే వైశాల్యంతో గుణిస్తే, అది మోయగల బరువు వస్తుంది. ఒక సంచి వైశాల్యం 26 చదరపు అంగుళాలు, లోపలి పీడనం చదరపు అంగుళానికి 100 పౌండ్లు అనుకొంటే, అది 2,600 పౌండ్లను, అంటే సుమారు 1,180 కిలోలను మోస్తుంది. బరువు పెరిగినప్పుడు గాలి ఎక్కిస్తే చాలు, వాహనం మునుపటి ఎత్తుకే వస్తుంది. పీడనంతోపాటు స్ప్రింగు గట్టిదనం కూడా పెరుగుతుంది కాబట్టి ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా ఊగే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. బస్సులకు ఈ వ్యవస్థ బాగా నప్పడానికి కారణం ఇదే. 1954లో అమెరికాలో గ్రేహౌండ్ సంస్థ కోసం జనరల్ మోటార్స్ నిర్మించిన సీనిక్రూజర్ బస్సులో గాలి సస్పెన్షన్ ఉన్నది. మన రాష్ట్రాల్లో దూరప్రాంతాలకు తిరిగే వోల్వో బస్సుల్లో ప్రయాణించినవారికి ఈ మెత్తదనం అనుభవంలో ఉన్నదే.

ఈ ఆలోచన పాతదే. వాహనాల కోసం గాలి స్ప్రింగుపై అమెరికాలో విలియం హంఫ్రీస్‌కు 1901లోనే పేటెంటు లభించింది. ఆలోచనకూ ఆచరణకూ మధ్య ఇంత కాలం పట్టడానికి కారణం రబ్బరు. దశాబ్దాల పాటు వంగుతూ, సాగుతూ, గాలిని బయటికి వదలకుండా నిలబడే రబ్బరు సంచిని తయారుచేయడం టైర్ల కంపెనీలకు సైతం కష్టమైన పని.

3. కర్మాగారపు ప్రయోగం – వైఫల్యం (1957–1960):

ప్రయాణికుల కార్లలో గాలి సస్పెన్షన్‌ను ప్రముఖంగా ప్రవేశపెట్టిన కారు 1957 నాటి క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్. దాని ధర 13,074 డాలర్లు. 1957లో 400, 1958లో 304 కార్లు, మొత్తం 704 మాత్రమే తయారయ్యాయి. నాలుగు చక్రాల వద్ద గాలి స్ప్రింగులు, గాలిని అందించే కంప్రెసర్, నిల్వచేసే ట్యాంకు, కారు ఎత్తును గమనిస్తూ గాలిని ఎక్కించే, వదిలే లెవలింగ్ వాల్వులు ఇందులో ఉన్నాయి.

1958లో జనరల్ మోటార్స్ ఈ సౌకర్యాన్ని తన ఇతర కార్లకూ విస్తరించింది. షెవర్లేలో ‘లెవల్ ఎయిర్’, పాంటియాక్‌లో ‘ఎవర్ లెవల్’, ఓల్డ్స్‌మొబైల్‌లో ‘న్యూమాటిక్ రైడ్’, బ్యూయిక్‌లో ‘ఎయిర్ పాయిజ్’ అనే పేర్లతో అదనపు ధరకు దీనిని అమ్మింది. షెవర్లేలో ఈ అదనపు ధర సుమారు 124 డాలర్లు. ఫోర్డ్ కూడా అదే సంవత్సరం ఇటువంటి వ్యవస్థను ప్రకటించింది. ఈ పేర్లలో ‘లెవల్’ అనే మాట రెండుసార్లు కనిపించడం గమనించదగినది. కారు ఎత్తు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలవాలన్నదే కర్మాగారం ఆశయం.

ఈ ప్రయోగం నిలవలేదు. గొట్టాల అతుకుల వద్ద గాలి కారేది. రాత్రి నిలిపిన కారు తెల్లవారేసరికి ఒక మూలకు ఒరిగి ఉండేది. గాలితోపాటు లోపలికి చేరిన తేమ వాల్వులను తుప్పుపట్టించేది, చలికాలంలో గడ్డకట్టి వాటిని మూసివేసేది. యజమానులు చాలామంది గాలి స్ప్రింగులను తీసివేయించి మామూలు కాయిల్ స్ప్రింగులను వేయించుకొన్నారు. 1960ల ఆరంభానికి అమెరికన్ కార్ల జాబితాల నుంచి ఈ సౌకర్యం దాదాపు తొలగిపోయింది. యూరప్‌లో మాత్రం ఈ దిశలో పని కొనసాగింది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ వాయువును, ద్రవాన్ని కలిపి వాడే పద్ధతిని విజయవంతం చేసింది. మెర్సిడెస్ బెంజ్ 1961లో 300 ఎస్ఈ, 1963లో 600 నమూనాలలో గాలి సస్పెన్షన్‌ను వాడింది.

ఈ వైఫల్యం నుంచి రెండు విషయాలు మన చర్చకు అవసరమవుతాయి. మొదటిది: నేడు కాయిల్ స్ప్రింగులతో కనిపించే 1957 నాటి బ్రూమ్ కారు ‘మూలరూపం’లో ఉన్నట్టు కాదు. దానికి తిరిగి గాలి స్ప్రింగులను అమర్చడమే మూలానికి చేరుకోవడం. అంటే పాతకారుకు గాలి సస్పెన్షన్ అమర్చడం ప్రతిసారీ మూలం నుంచి దూరం జరగడం కానవసరం లేదు. రెండవది: 1958లోనే షెవర్లే తన కార్ల వెనుక భాగంలో కమాను పట్టీలను వదిలి కాయిల్ స్ప్రింగులకు మారింది. ఇంపాలా పేరు మొదటిసారి వినిపించింది ఆ సంవత్సరమే. ముందూ వెనుకా కాయిల్ స్ప్రింగులున్న ఈ నిర్మాణం తరువాతి తరాలకు బాగా అనుకూలించింది. కాయిల్ కూర్చునే చోటే గాలిసంచి కూడా కూర్చోగలదు. కర్మాగారం వదిలిపెట్టిన ఆ ఆలోచన దశాబ్దాల తరువాత అదే కారు కిందికి, మరొక ఉద్దేశంతో తిరిగివచ్చింది.

4. వీధిలో పుట్టిన సాంకేతికత – లోరైడర్లు:

రెండవ ప్రపంచయుద్ధానంతరం లాస్ ఏంజిలస్ తూర్పు ప్రాంతంలోని మెక్సికన్ అమెరికన్ యువకులు పాత షెవర్లే కార్లను కొని, డిక్కీలో ఇసుక బస్తాలు వేసి, లేదా స్ప్రింగులను కత్తిరించి వాటిని కిందికి దించేవారు. విట్టియర్ బులెవార్డ్ వంటి వీధుల్లో సాయంవేళ నెమ్మదిగా నడిపేవారు. ఆ కాలంలో శ్వేతజాతి యువకుల హాట్ రాడ్ కార్లు వేగాన్ని కోరుకొన్నాయి. లోరైడర్లు నెమ్మదితనాన్ని కోరుకొన్నారు. ‘బహీతో ఇ సువావెసీతో’ అనే వారి స్పానిష్ నానుడికి ‘కిందికి, మెత్తగా’ అని అర్థం చెప్పుకోవచ్చు. చూడటానికీ, కనబడటానికీ నెమ్మదిగా సాగే ఊరేగింపు అది. ఊరేగింపులో వేగానికి పనిలేదన్న సంగతి మన ఉత్సవ విగ్రహాల ఊరేగింపులు ఎరిగినవారికి వేరే చెప్పనక్కర లేదు.

1950ల చివర కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. వాహన స్మృతిలో 24008వ సెక్షన్‌గా ప్రసిద్ధమైన ఆ నిబంధన సారాంశం ఇది: మూల రూపకల్పన నుంచి మార్పుచేసిన కారులో, చక్రాలు తప్ప మరే భాగమూ చక్రపు రిమ్ము అడుగు అంచుకంటె కిందికి ఉండరాదు. రోడ్డు మీద పోలీసు అధికారి అక్కడికక్కడే కొలిచి జరిమానా విధించగల నిబంధన ఇది. ఇందులో ‘మూల రూపకల్పన’ అనే మాట కీలకం. కంపెనీయే అంత తక్కువ ఎత్తులో కారును తయారుచేస్తే ఈ నిబంధన వర్తించదు. యజమాని దించితేనే వర్తిస్తుంది. నేలకు దగ్గరగా ఉండటం కంటె, ఎవరు దించారన్నదే చట్టం దృష్టిలో ముఖ్యమైంది.

ఈ చట్టానికి సమాధానం యంత్రరూపంలో వచ్చింది. శాన్ బెర్నార్డినో ప్రాంతానికి చెందిన రాన్ అగిరె 1959 ప్రాంతంలో తన 1956 నాటి కార్వెట్ కారుకు హైడ్రాలిక్ పంపులను అమర్చాడు. యుద్ధానంతరం మిగులు సామగ్రి కింద అమ్ముడుపోయిన విమానాల హైడ్రాలిక్ భాగాలు అందుకు ఉపయోగపడ్డాయి. ఒక స్విచ్ నొక్కితే కారు లేస్తుంది, మరొకటి నొక్కితే దిగుతుంది. ‘ఎక్స్ సోనిక్’ అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ కారు వీధిలో చట్టానికి లోబడిన ఎత్తులో ఉండి, నిలిపినప్పుడు నేలను తాకేది.

ఇక్కడ ఒక మౌలికమైన భేదాన్ని గుర్తించాలి. కర్మాగారం గాలి సస్పెన్షన్‌ను ఎత్తు మారకుండా ఉండటానికి తయారుచేసింది. లోరైడర్లు తమ సస్పెన్షన్‌ను ఎత్తు మారడానికే తయారుచేసుకొన్నారు. మొదటి పద్ధతిలో ఎత్తును వాల్వు నిర్ణయిస్తుంది, రెండవ పద్ధతిలో మనిషి నిర్ణయిస్తాడు. నేడు పాతకార్లలో అమర్చే గాలిసంచులు కర్మాగారపు యంత్రాంగాన్నీ, వీధి ఉద్దేశాన్నీ కలుపుకొన్నవి. కాబట్టి వాటి వంశవృక్షాన్ని క్యాడిలాక్ వైపునుంచి మాత్రమే గీస్తే సగం చరిత్రే మిగులుతుంది.

1958 నుంచి 1964 వరకు వచ్చిన ఇంపాలా కార్లు లోరైడర్లకు ప్రీతిపాత్రమయ్యాయి. వాటి ఛాసిస్ ఇంగ్లీషు ‘ఎక్స్’ అక్షరం ఆకారంలో ఉంటుంది. పక్కల పొడవునా దూలాలు లేకపోవడంతో కారు పక్కభాగాలు నేలకు మరింత దగ్గరగా రాగలవు. వీటిలో అత్యంత ప్రసిద్ధమైనది హెస్సె వలదెజ్‌కు చెందిన ‘జిప్సీ రోజ్’ అనే 1964 నాటి ఇంపాలా. గులాబీరంగు ఒంటిపై చేతితో చిత్రించిన గులాబీలతో ఉన్న ఆ కారు 1970లలో ‘చికో అండ్ ది మ్యాన్’ టెలివిజన్ ధారావాహిక ఆరంభ దృశ్యాల ద్వారా దేశమంతటికీ పరిచయమైంది. 1977లో శాన్ హోసేలో ‘లోరైడర్’ పత్రిక ఆరంభమైంది. అదే విట్టియర్ బులెవార్డ్ 1970 ఆగస్టు 29న చికానో ఉద్యమ ప్రదర్శనకూ, పాత్రికేయుడు రూబెన్ సలజార్ మరణానికీ వేదికైంది. ఆ వీధిలో నెమ్మదిగా కారు నడపడం వినోదమే అయినా, ‘మేమూ ఈ నగరంలో ఉన్నాం’ అని చెప్పే ప్రకటన కూడా అది. బెన్ చాపెల్ 2012లో వెలువరించిన ‘లోరైడర్ స్పేస్’ గ్రంథం లోరైడర్ కార్లను సౌందర్యం, రాజకీయం అనే రెండు కోణాల నుంచి చర్చించింది.

తరువాత పలు కాలిఫోర్నియా నగరాలు వీధుల్లో ఇలా నెమ్మదిగా తిరగడాన్ని కూడా నిషేధించాయి. నేషనల్ సిటీ 1992లో చేసిన నిషేధాన్ని 2023లో రద్దుచేసింది. అదే సంవత్సరం రాష్ట్ర శాసనసభ ఆమోదించిన ఏబీ 436 బిల్లు స్థానిక సంస్థలకున్న ఆ అధికారాన్నీ, రిమ్ము ఎత్తు నిబంధననూ తొలగించింది. అది 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరు దశాబ్దాలకు పైగా ‘మూల రూపకల్పన’ అనే మాట ఒక సమూహం మీద ప్రయోగించడానికి పోలీసుల చేతిలో ఉపకరణంగా నిలిచిందన్నది ఇక్కడ గ్రహించవలసిన సారాంశం.

5. అమరిక విధానం – మార్పు ఎక్కడ శాశ్వతమవుతుంది?:

1990ల నుంచి ట్రక్కులు, హాట్ రాడ్లు, పాతకార్ల యజమానులలో గాలిసంచుల వాడకం విస్తరించింది. హైడ్రాలిక్ వ్యవస్థలా ఎగిరే శక్తి దీనికి లేకపోయినా, ప్రయాణం మెత్తగా ఉంటుంది, నూనె కారే బెడద ఉండదు. ఇంపాలా వంటి కారులో ఈ పని ఎలా జరుగుతుందో పరిశీలిస్తే, ఏ మార్పును వెనక్కి తీసుకోవచ్చో, ఏది తీసుకోలేమో తెలుస్తుంది.

ముందు చక్రాల వద్ద పై చేయి, కింది చేయి అనే రెండు ఆధారాల నడుమ కాయిల్ స్ప్రింగు ఉంటుంది. దానిని తీసి, పైనా కిందా గిన్నెలవంటి లోహపు ఆధారాలతో గాలిసంచిని కూర్చోబెడతారు. మూలనిర్మాణంలో షాక్ అబ్జార్బర్ కాయిల్ నడిమధ్యగా వెళుతుంది. సంచి ఆ చోటును ఆక్రమిస్తుంది కాబట్టి షాక్ అబ్జార్బర్‌ను పక్కకు మార్చి కొత్త ఆధారాలను బిగించాలి. కొందరు ఆ ఆధారాలను బోల్టులతో బిగిస్తారు. కొందరు ఛాసిస్‌ను కోసి వెల్డింగ్ చేస్తారు. చారిత్రక దృష్టితో చూస్తే ఈ రెండింటి మధ్య చాలా వ్యత్యాసం ఉన్నది. మొదటిది విప్పితే కారు మునుపటిలా మిగులుతుంది. రెండవది విప్పినా మచ్చ మిగులుతుంది.

వెనుక భాగంలో కాయిల్ స్థానంలోనే సంచి వస్తుంది. అయితే కారు దిగినకొద్దీ ఇరుసుకు శక్తిని అందించే డ్రైవ్ షాఫ్ట్ కోణం మారుతుంది. ‘ఎక్స్’ ఆకారపు ఛాసిస్‌లో ఆ షాఫ్ట్ మధ్యలోని గొట్టంవంటి భాగం గుండా వెళుతుంది కాబట్టి, ఎత్తు ఎక్కువగా మారితే షాఫ్ట్ లోహానికి రాసుకొనే ప్రమాదం ఉన్నది. బ్రేకు గొట్టాలు కారు పూర్తిగా లేచినప్పుడు బిగిసిపోకుండా, పూర్తిగా దిగినప్పుడు నలగకుండా తగిన పొడవులో ఉండాలి. చక్రం తిప్పినప్పుడు టైరు మడ్గార్డుకు తగలకూడదు. సంచి పొగగొట్టానికి దగ్గరగా గానీ, పదునైన అంచుకు ఆనుకొని గానీ ఉండరాదు. గాలి మొత్తం పోయినా కారు బరువు సంచి మీద పడకుండా, దానిని ఆపే రబ్బరు దిమ్మలు తప్పనిసరి.

డిక్కీలో 12 వోల్టుల కంప్రెసర్, గాలి ట్యాంకు, పీడనం తగ్గినప్పుడు కంప్రెసర్‌ను నడిపించి నిండగానే ఆపే స్విచ్, నాలుగు మూలలకూ విడివిడిగా వాల్వులు ఉంటాయి. 1958లో గాలి సస్పెన్షన్‌ను దెబ్బతీసిన తేమ సమస్య ఇప్పటికీ ఉన్నది. అందుకే గాలి దారిలో నీటిని వేరుచేసే పరికరాన్ని పెడతారు, ట్యాంకు అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు తీసివేస్తారు. మెరుగైన రబ్బరు, నమ్మకమైన విద్యుత్ వాల్వులు వచ్చాయి గానీ, నాటి కర్మాగారం ఎదుర్కొన్న శత్రువు మారలేదు.

ఈ వివరాల వల్ల అమరికలో మూడు స్థాయిల మార్పు కనిపిస్తుంది. భాగాన్ని భాగంతో మార్చడం మొదటి స్థాయి. కొత్త భాగం కోసం పాత భాగాన్ని స్థానం మార్చడం రెండవది. నిర్మాణాన్నే కోయడం మూడవది. మొదటి రెండింటిలో తీసిన భాగాలను భద్రపరిస్తే మూలం పోదు. మూడవదానిలో మూలం నశిస్తుంది.

6. మూలమంటే ఏది? – ట్యూరిన్ ఒప్పంద పత్రం, పాఠపరిష్కరణ దృష్టి:

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ ఒప్పంద పత్రం ఈ ప్రశ్నకు ఒక సమాధానమిచ్చింది. వాహనం సాధారణ వినియోగ కాలంలో, ఆ కాలపు సాంకేతికతతో జరిగిన మార్పులు దాని చరిత్రకు సాక్ష్యాలని, వాటిని కాపాడాలని అది చెబుతుంది. ఆ కాలానికి వెలుపల మార్పులు తప్పనిసరి అయితే అవి మూలనిర్మాణాన్నీ, రూపాన్నీ చెరపకూడదని, వీలైనంతవరకు వెనక్కి తీసుకోదగినవిగా ఉండాలని సూచిస్తుంది.

తెలుగు సాహిత్య పరిశోధకులకు ఈ చర్చ కొత్తది కాదు. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాన్ని నిర్ణయించేటప్పుడు పరిష్కర్త ఎదుర్కొనే సమస్య ఇదే. సి.పి. బ్రౌన్ పండితుల సహాయంతో అనేక ప్రతులను సేకరించి పోల్పించిన నాటినుంచి, ఏది కవి పాఠం, ఏది లేఖకుడి చేర్పు, ఏది ప్రక్షిప్తం అనే విచారణ మన పరిశోధనలో కొనసాగుతున్నది. ప్రక్షిప్తమని తేల్చినంత మాత్రాన ఆ పద్యాన్ని ప్రతి నుంచి గీకివేయం. దానిని వేరుగా చూపిస్తాం. ఎందుకంటే ఆ పద్యం కవి చరిత్రకు సాక్ష్యం కాకపోయినా పాఠకుల చరిత్రకు సాక్ష్యం. ఏ కాలంలో ఆ కావ్యాన్ని ఎవరు ఎలా చదువుకొన్నారో అది చెబుతుంది. కారుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. కర్మాగారపు రూపం కవి పాఠం వంటిది. యజమానుల మార్పులు పాఠాంతరాల వంటివి. అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉన్నది. కావ్యానికి అనేక ప్రతులుంటాయి, ఒక ప్రతిలో పాఠం మారినా మరొక ప్రతిలో అది నిలుస్తుంది. కారు విషయంలో ప్రతి బండీ ఏకైక ప్రతి. దాని ఛాసిస్‌ను కోస్తే ఆ బండి మూలపాఠం పోయినట్టే. అందువల్ల కారు విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఈ దృష్టితో మూడు సందర్భాలను పరిశీలించవచ్చు.

మొదటిది, 1958లో గాలి సస్పెన్షన్‌తో అమ్ముడై, రెండేళ్లకే కాయిల్ స్ప్రింగులకు మారిన షెవర్లే. నేడు దానికి తిరిగి ‘లెవల్ ఎయిర్’ను అమర్చితే కర్మాగారపు రూపం వస్తుంది, కానీ ఆ వ్యవస్థ విఫలమైందనే చరిత్రకు సాక్ష్యంగా నిలిచిన కాయిల్ స్ప్రింగులు పోతాయి. ట్యూరిన్ సూత్రం ప్రకారం ఆ కాయిల్ స్ప్రింగులూ రక్షింపదగినవే.

రెండవది, జిప్సీ రోజ్. దానిని 1964 నాటి కర్మాగారపు రూపానికి తేవడం చారిత్రక విధ్వంసమే అవుతుంది. 2017లో ఆ కారు అమెరికా జాతీయ చారిత్రక వాహనాల పట్టికలో చేరి, వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్‌పై ప్రదర్శనకు నిలిచింది. స్మిత్సోనియన్ సంస్థకు చెందిన అమెరికన్ చరిత్ర మ్యూజియంలో న్యూ మెక్సికోలోని చిమాయో గ్రామం నుంచి వచ్చిన ‘డేవ్స్ డ్రీమ్’ అనే 1969 నాటి ఫోర్డ్ లోరైడర్ ఉన్నది. ఈ కార్లు మార్పు జరిగినా అక్కడికి చేరినవి కావు. మార్పు జరిగినందువల్లనే చేరినవి.

మూడవది, ఇన్నేళ్లుగా మార్పు లేకుండా మిగిలిన 1964 నాటి ఇంపాలాకు నేడు గాలిసంచులను అమర్చడం. క్లిష్టమైన సందర్భం ఇదే. ఇది ఆ కాలపు సాంకేతికత కాదు. కానీ ఆ కారు చుట్టూ అరవై ఏళ్లుగా పెరిగిన సంప్రదాయంలో భాగం. ఇక్కడ తీర్పును మార్పు ఉద్దేశం మీద కాక, మార్పు పద్ధతి మీద ఆధారపరచడం సమంజసం. కోయకుండా బిగించారా, తీసిన భాగాలను దాచారా, ఏమి చేశారో నమోదుచేశారా అన్నవే ప్రమాణాలు కావాలి.

7. భారతీయ చట్టాలలో మూలరూపం:

మన దేశంలో ఈ చర్చకు ఆచరణాత్మక ప్రాధాన్యం ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని అంశాలు మారేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను దృఢంగా సమర్థించింది. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటినుంచి 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో గణనీయమైన మార్పులకు లోనుకాని వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక సంఖ్యను ఇస్తారు. వాటిని ప్రదర్శనలు, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీల వంటి సందర్భాల్లోనే రోడ్డుపైకి తేవాలి.

రోడ్డు భద్రత దృష్ట్యా ఈ కట్టుబాటు అర్థం చేసుకోదగినదే. సరిగా బిగించని గాలిసంచి వేగంలో పగిలితే ప్రాణాపాయం. అయితే వారసత్వ దృష్టితో చూసినప్పుడు ఈ నియమాలలో ఒక ఖాళీ కనిపిస్తుంది. విదేశీ విడిభాగాలు దొరకని దశాబ్దాల్లో మన మెకానిక్కులు పాతకార్లను నడిపించడానికి స్థానికంగా తయారుచేసిన భాగాలు అమర్చారు, ఇతర వాహనాల ఇంజిన్లు బిగించారు, లారీ కమాను పట్టీలను కోసి కార్లకు సరిపెట్టారు. ఇవన్నీ దిగుమతులపై ఆంక్షలున్న కాలపు ఆర్థిక చరిత్రకు, చేతిపని నైపుణ్యానికి సాక్ష్యాలు. మూలరూపం అనే ఒక్క ప్రమాణంతోనే గుర్తింపునిస్తే, యజమానులు ఆ సాక్ష్యాలను తుడిచివేసి కార్లను కర్మాగారపు రూపానికి తెచ్చే ఒత్తిడి కలుగుతుంది. ‘మూలరూపం’తోపాటు ‘కాలోచితమైన మార్పు’ అనే వర్గాన్ని కూడా గుర్తించడం ఇందుకు పరిష్కారం కాగలదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. కార్లలో గాలి సస్పెన్షన్‌కు రెండు మూలాలున్నాయి. 1957–58 నాటి కర్మాగారం నుంచి యంత్రాంగం, లాస్ ఏంజిలస్ వీధుల నుంచి ఉద్దేశం వచ్చాయి. మొదటిది ఎత్తును స్థిరపరచడానికీ, రెండవది ఎత్తును యజమాని అధీనంలోకి తేవడానికీ పుట్టాయి.

2. ‘మూలరూపం’ సాంకేతిక పదంగా కనిపించినా, దానికి సామాజిక ఫలితాలున్నాయి. కాలిఫోర్నియా 24008వ సెక్షన్ చరిత్ర ఇందుకు నిదర్శనం.

3. కర్మాగారపు రూపానికి తిరిగి తేవడం అన్ని సందర్భాల్లోనూ చారిత్రక రక్షణ కాదు. జిప్సీ రోజ్ వంటి కార్లలో అది చరిత్రను చెరపడమే అవుతుంది.

4. కావ్యానికి అనేక ప్రతులుంటాయి, ప్రతి కారూ ఏకైక ప్రతి. అందువల్ల మార్పును వెనక్కి తీసుకోగలగడం, తీసిన భాగాలను భద్రపరచడం, చేసిన పనిని నమోదుచేయడం అనే మూడు షరతులు కొత్తగా గాలి సస్పెన్షన్ అమర్చే సందర్భంలో తప్పనిసరి.

5. భారతీయ వింటేజ్ నియమాలు మూలరూపంతోపాటు, కాలానుగుణంగా జరిగిన స్థానిక మార్పులనూ చారిత్రక సాక్ష్యాలుగా గుర్తించవలసిన అవసరం ఉన్నది. తెలుగు రాష్ట్రాల పాత వర్క్‌షాపులలో ఈ పనులు చేసిన మెకానిక్కుల మౌఖిక చరిత్రను సేకరించడం ఈ దిశలో తక్షణం చేపట్టదగిన పరిశోధన. ఆ తరంవారు ఇప్పటికే వృద్ధులు. వారి చేతిపని కార్ల కింద మిగిలి ఉన్నా, దానిని వివరించగల మాట వారితోనే పోతుంది.